ఎంఆర్ఐ రిపోర్ట్‌లో తెల్ల మచ్చలు: ఎన్ని ఉన్నాయో కాదు, ఎక్కడ ఉన్నాయో చూడాలి

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న సీన్‌తో మొదలుపెడదాం.

మీకు పాతికేళ్లు అనుకోండి. కొన్ని నెలలుగా తలనొప్పి వస్తోంది. ఎందుకైనా మంచిదని డాక్టర్ గారు మెదడుకి ఎంఆర్ఐ రాశారు. స్కాన్ అయిపోయింది. సాయంత్రానికల్లా రిపోర్ట్ ఫోన్‌కి పీడీఎఫ్‌లో వచ్చేసింది. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఏమో ఎల్లుండి. అప్పటిదాకా ఆగుతామా? ఆగం కదా, వెంటనే ఓపెన్ చేస్తాం. అందులో ఒక లైన్ ఉంటుంది: వైట్ మ్యాటర్‌లో కొన్ని టీ2 హైపర్‌ఇంటెన్సిటీలు కనిపిస్తున్నాయి, డీమైలినేషన్ కావచ్చు, క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోండి.

ఆ పెద్ద మాట కాపీ చేసి గూగుల్‌లో పేస్ట్ చేస్తాం. కాసేపట్లోనే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే పేరు కనిపిస్తుంది. ఇంకొంచెం స్క్రోల్ చేస్తే వీల్‌చెయిర్ ఫొటోలు వస్తాయి. ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఆ లైన్‌లో మనల్ని భయపెట్టింది మొదటి ముక్క. మనం అసలు పట్టించుకోనిది చివరి ముక్క: "క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోండి". అంటే, స్కాన్‌లో కనిపించినదాన్ని మనిషి లక్షణాలతో కలిపి చూడండి అని. చాలామంది దీన్ని రేడియాలజిస్టులు ఊరికే అలవాటుగా రాసే మాట అనుకుంటారు. కానీ ఆ రెండు మూడు మాటల వెనక నలభై ఏళ్ల పరిశోధన ఉంది. అందులో కొంత భాగం నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. అక్కడి న్యూరోరేడియాలజిస్ట్ ఫ్రెడెరిక్ బార్‌కోఫ్ పని గురించే ఈ రోజు మన కథ.

ముందుగా, ఎంఎస్ అంటే ఏంటి?

మల్టిపుల్ స్క్లెరోసిస్‌ని అందరూ ఎంఎస్ అంటారు. మల్టిపుల్ అంటే చాలా చోట్ల, స్క్లెరోసిస్ అంటే గట్టిపడటం. మెదడులో, వెన్నుపాములో అక్కడక్కడా గట్టిపడిన మచ్చలు ఏర్పడతాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. 1868లో పారిస్‌లో షార్కో అనే డాక్టర్ ఈ జబ్బుని స్పష్టంగా వర్ణించారు.

లోపల జరిగేది ఇదీ. మన నరాల తీగల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఫోన్ ఛార్జర్ కేబుల్ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూడండి, అలాంటిదే. ఎంఎస్‌లో మన ఇమ్యూన్ సిస్టమే దారి తప్పి ఆ పొర మీద దాడి చేస్తుంది. పొర ఊడిన చోట సిగ్నల్ నెమ్మదిస్తుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. దాడి ఎక్కువైతే లోపలి తీగ కూడా తెగిపోతుంది. ఇలా మైలిన్ పొర ఊడిపోవడాన్నే డీమైలినేషన్ అంటారు.

ఏ నరం దెబ్బతింటే ఆ పని ఆగుతుంది. కంటి నరం అయితే ఒక కంటి చూపు మసకబారుతుంది, కన్ను కదిపితే నొప్పి. వెన్నుపాము అయితే కాళ్లు తిమ్మిరెక్కడం, నడుము చుట్టూ పట్టీ బిగించినట్టు ఉండటం. మెదడు కాండం అయితే ఒకటి రెండుగా కనిపించడం, తూలడం. చాలామందికి ఇవి వస్తాయి, కొన్ని రోజులో వారాలో ఉంటాయి, తగ్గిపోతాయి, మళ్లీ కొన్నాళ్లకి ఇంకో చోట వస్తాయి.

ఇది ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. అంటే కాలేజీ, కొత్త ఉద్యోగం, పెళ్లి, పిల్లలు... సరిగ్గా ఆ వయసు. ఆడవాళ్లలో మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద సుమారు 28 లక్షల మందికి ఎంఎస్ ఉందని 2020లో వచ్చిన అంచనా. యూరప్, ఉత్తర అమెరికాలతో పోలిస్తే మన దేశంలో తక్కువే, కానీ లేకపోలేదు.

లోపల ఉన్నది బయటికి కనిపించిన రోజు

షార్కో కాలం నుంచి వందేళ్లకు పైగా డాక్టర్లకి ఒకటే ఇబ్బంది. మచ్చలు ఉన్నాయని తెలుసు, కానీ బతికున్న మనిషి తలలో వాటిని చూసే దారి లేదు. 1970ల్లో సీటీ స్కాన్ వచ్చింది. అది ఎముకని, రక్తస్రావాన్ని బాగా చూపిస్తుంది, ఎంఎస్ మచ్చల విషయంలో మాత్రం చాలా బలహీనం.

1981లో లండన్‌లోని హామర్‌స్మిత్ హాస్పిటల్ బృందం 10 మంది ఎంఎస్ పేషెంట్లకి రెండు రకాల స్కాన్లూ చేసింది. సీటీలో మొత్తం 19 మచ్చలు కనిపించాయి. ఎంఆర్ఐలో ఆ 19 కాకుండా ఇంకో 112 కనిపించాయి! అన్నాళ్లూ కంటికి దొరకనివన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి.

ఎంఆర్ఐకి ఇదెలా సాధ్యం? మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు. నీటిలో హైడ్రోజన్ ఉంటుంది. ఎంఆర్ఐ మెషీన్ అంటే ఒక పెద్ద అయస్కాంతం. మామూలుగా వాడే 1.5 టెస్లా మెషీన్ బలం భూమి అయస్కాంత శక్తి కంటే దాదాపు 30 వేల రెట్లు ఎక్కువ. ఆ బలానికి హైడ్రోజన్ కేంద్రకాలు ఒక వరసలోకి వస్తాయి. రేడియో తరంగంతో వాటిని కొంచెం కదిపి వదిలేస్తే, అవి తిరిగి సర్దుకుంటూ ఒక సిగ్నల్ ఇస్తాయి. మైలిన్ నిండుగా ఉన్న చోట ఒక రకంగా, మైలిన్ పోయి నీరు చేరిన చోట ఇంకో రకంగా ఆ సిగ్నల్ ఉంటుంది. టీ2, ఫ్లెయిర్ అనే ఫొటోల్లో నీరు చేరిన చోటు తెల్లగా మెరుస్తుంది. రిపోర్ట్‌లో చూసిన హైపర్‌ఇంటెన్సిటీ అదే. హైపర్‌ఇంటెన్సిటీ అనేది జబ్బు పేరు కాదండీ, "ఇక్కడ తెల్లగా కనిపిస్తోంది" అని చెప్పడమే.

ఇంకో విషయం. ఎంఆర్ఐలో ఎక్స్‌రేలు ఉండవు, రేడియేషన్ భయం అక్కర్లేదు. ఒంట్లో లోహపు పరికరాలు ఏమన్నా ఉంటే మాత్రం ముందే చెప్పాలి. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇస్తామంటే కిడ్నీ సమస్య ఉన్నా, ప్రెగ్నెన్సీ ఉన్నా తప్పక చెప్పాలి.

మచ్చలన్నీ ఎంఎస్ కాదు

మచ్చలు కనిపించడం మొదలయ్యాక కొత్త తలనొప్పి వచ్చింది. అలాంటి తెల్ల మచ్చలు వయసు పెరిగితే వస్తాయి. బీపీ, షుగర్, సిగరెట్ వల్ల వస్తాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లలో కూడా కనిపిస్తాయి. మరి ఏది ఎంఎస్, ఏది కాదు?

మొదటిసారి ఒక లక్షణంతో, ఉదాహరణకి కన్ను మసకబారి, ఒకరు వచ్చారు. స్కాన్‌లో కొన్ని మచ్చలున్నాయి. వీళ్లకి ముందు ముందు ఎంఎస్ అని తేలుతుందా, లేక ఇది ఒక్కసారితో ఆగిపోతుందా? అప్పట్లో ఖచ్చితంగా చెప్పాలంటే ఇంకో దాడి వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. పేషెంట్ జీవితం ఆ మధ్యలో వేలాడుతూ ఉండేది.

1997లో బార్‌కోఫ్, ఆయన సహచరులు సరిగ్గా ఈ ప్రశ్న మీద ఒక పేపర్ ప్రచురించారు. ఎంఎస్ అనుమానంతో మొదటిసారి వచ్చిన 74 మంది స్కాన్లు తీసుకున్నారు. తర్వాతి కాలంలో వాళ్లలో ఎవరికి ఎంఎస్ అని తేలిందో చూశారు. మొదటి స్కాన్‌లో ఏ గుర్తులు దాన్ని ముందే చెప్పాయో లెక్క కట్టారు. నాలుగు గుర్తులు తేలాయి.

మొదటిది, మెదడు మధ్యలో నీరుండే గదుల్ని ఆనుకుని మూడు లేదా అంతకంటే ఎక్కువ మచ్చలు. రెండోది, మెదడు పైపొర కింద, దాన్ని తాకుతూ కనీసం ఒకటి. మూడోది, మెదడు కింది భాగంలో, అంటే చిన్నమెదడులోనో మెదడు కాండంలోనో కనీసం ఒకటి. నాలుగోది, గడోలినియం అనే కాంట్రాస్ట్ ఎక్కించాక వెలిగే మచ్చ కనీసం ఒకటి.

ఈ నాలుగోది ఎందుకంటే, మెదడు రక్తనాళాలకి ఒక గట్టి కాపలా ఉంటుంది. కొత్తగా దాడి జరుగుతున్న చోట ఆ కాపలా సడలి, కాంట్రాస్ట్ లోపలికి కారుతుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ మూసుకుంటుంది. కాబట్టి వెలిగే మచ్చ కొత్తది, వెలగనిది పాతది. ఒకే స్కాన్‌లో రెండూ ఉంటే, దాడి రెండు వేర్వేరు సమయాల్లో జరిగినట్టు లెక్క.

వీటినే బార్‌కోఫ్ ప్రమాణాలు అంటారు. ఈ నాలుగింటిలో ఎన్ని ఎక్కువ కనిపిస్తే, ఎంఎస్‌గా తేలే అవకాశం అంత ఎక్కువ. ఊరికే మొత్తం మచ్చలు లెక్కపెట్టడం కంటే అవి ఎక్కడున్నాయో చూడటం మేలని దీంతో తేలింది. 2001లో ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు వాడే మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు వచ్చినప్పుడు, స్కాన్ భాగానికి వీటినే ఆధారంగా తీసుకున్నారు. తర్వాత 2005, 2010, 2017లో వాటిని సులభం చేస్తూ వచ్చారు. ఇప్పుడు ఎంఎస్ అని చెప్పడానికి ప్రతిసారీ రెండో దాడి దాకా ఆగక్కర్లేదు. అంటే మందు ముందే మొదలుపెట్టొచ్చు. ఎంఎస్‌లో ముందుగా మొదలుపెట్టిన మందు తర్వాతి ఏళ్లలో నష్టాన్ని తగ్గిస్తుంది కాబట్టి, ఇది చిన్న విషయం కాదు.

ఫొటో ఒకటి చెప్తుంది, మనిషి ఇంకొకటి చెప్తాడు

సరే, స్థానం తెలిసింది. మరి మచ్చలు ఎక్కువున్న మనిషికి జబ్బు ఎక్కువ, తక్కువున్న మనిషికి తక్కువ, అంతేనా?

మనందరికీ అలాగే అనిపిస్తుంది. కానీ లెక్కలు అలా రాలేదు. ఎంఎస్‌లో మనిషి ఎంత ఇబ్బంది పడుతున్నాడో కొలవడానికి సున్నా నుంచి పది దాకా ఒక స్కేల్ ఉంది, ఈడీఎస్ఎస్ అంటారు. దాన్ని తెల్ల మచ్చల మొత్తంతో పోల్చి చూస్తే, రెండిటి మధ్య సంబంధం చాలా బలహీనంగా వచ్చింది. తలనిండా మచ్చలున్నా హాయిగా ఉద్యోగం చేసుకునేవాళ్లు ఉన్నారు. నాలుగైదు మచ్చలతోనే నడవలేకపోయినవాళ్లూ ఉన్నారు. దీనికి క్లినికో-రేడియలాజికల్ పారడాక్స్ అని పేరు. బార్‌కోఫ్ దీని మీద 1999లో, 2002లో రాసిన వ్యాసాలు ఈ రంగంలో అందరూ చదివేవి.

ఆలోచించండి, స్కాన్లు చదవడమే వృత్తిగా ఉన్న మనిషి స్వయంగా "ఈ ఫొటో మొత్తం కథ చెప్పట్లేదు" అని ఒప్పుకుని, ఎందుకు చెప్పట్లేదో వెతికారు. కారణాలు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి.

ఒకటి, చోటు. వెన్నుపాము మన చిటికెన వేలంత మందం ఉంటుంది. కాళ్లకీ చేతులకీ వెళ్లే తీగలన్నీ అందులోంచే పోవాలి. అక్కడ ఒక్క చిన్న మచ్చ చాలు, నడక దెబ్బతింటుంది. మెదడులో కొన్ని చోట్ల అంతే మచ్చ పడినా మనకి తెలియనే తెలియదు. మెదడుకి మాత్రమే స్కాన్ చేస్తే వెన్నులోది కనిపించదు కదా.

రెండు, తెలుపు అంతా ఒక్కటి కాదు. వాపు, మైలిన్ ఊడటం, మైలిన్ మళ్లీ కొంచెం పట్టడం, లోపలి తీగే తెగిపోవడం, ఇవన్నీ టీ2 ఫొటోలో ఒకేలా తెల్లగా ఉంటాయి. టీ1 అనే ఇంకో రకం ఫొటోలో కొన్ని మచ్చలు నల్లటి గుంటల్లా కనిపిస్తాయి. వీటిని బ్లాక్ హోల్స్ అంటారు. అలాగే ఉండిపోయే బ్లాక్ హోల్స్ దగ్గర తీగల నష్టం ఎక్కువని, ఇబ్బందితో వీటికి సంబంధం మెరుగ్గా ఉందని ఆమ్‌స్టర్‌డామ్ బృందం చూపించింది.

మూడు, కనిపించనివి. ఎంఎస్ వైట్ మ్యాటర్ జబ్బు అని చాలాకాలం అనుకున్నారు. నిజానికి మెదడు పైపొర గ్రే మ్యాటర్‌లో కూడా మచ్చలుంటాయి, మామూలు ఎంఆర్ఐకి అవి చాలావరకు దొరకవు. 2005లో అదే బృందం డబుల్ ఇన్‌వర్షన్ రికవరీ అనే పద్ధతితో వాటిలో కొన్నిటిని బయటికి తెచ్చింది. జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గడానికి ఈ పైపొర నష్టంతో సంబంధం ఉంది.

నాలుగు, మెదడు పరిమాణం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో కూడా మెదడు ఏటా కొద్దిగా తగ్గుతుంది. మందు లేని ఎంఎస్‌లో ఆ తగ్గుదల ఏడాదికి 0.5 నుంచి 1 శాతం దాకా ఉంటుంది, అంటే మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ. దీర్ఘకాలంలో ఎవరికి ఇబ్బంది ఎక్కువవుతుందో ఊహించడానికి ఇది కూడా ఒక ఆధారం.

ఇంకా ఒకటుంది, అది మంచి వార్త. మెదడు సర్దుకుంటుంది. ఒక దారి మూసుకుపోతే కొంతవరకు ఇంకో దారిలో పని నడిపించుకుంటుంది. ఇది మామూలు ఎంఆర్ఐలో కనిపించదు.

మరి ఎంఆర్ఐ పనికిరాదా? అలా అస్సలు అనుకోవద్దు. పారడాక్స్‌కి రెండో వైపు కూడా ఉంది. పేషెంట్‌కి ఏ లక్షణమూ లేని నెలల్లో కూడా స్కాన్‌లో కొత్త మచ్చలు వస్తుంటాయి. బయటికి తెలిసే ఒక్క దాడికి లోపల ఐదు నుంచి పది కొత్త మచ్చలు వస్తాయని పదేపదే స్కాన్లు చేసిన పరిశోధనల్లో తేలింది. "నాకు బాగానే ఉంది కదా, మందు మానేస్తా" అనేవాళ్లకి డాక్టర్లు ఎందుకు వద్దంటారో ఇప్పుడు అర్థమైందా? 1993లో అమెరికాలో ఎంఎస్‌కి మొదటి ఇంటర్‌ఫెరాన్ మందు అనుమతి పొందినప్పుడు కూడా, మచ్చలు తగ్గాయని చూపిన స్కాన్లు ముఖ్యమైన సాక్ష్యం అయ్యాయి.

తప్పు చదివితే ఏమవుతుంది?

ఇప్పుడు మళ్లీ మన పీడీఎఫ్ దగ్గరికి వద్దాం. అమెరికాలో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎంఎస్ అని పొరపాటుగా పేరు పడిన 110 మంది వివరాలు చూశారు. వాళ్లలో ఎక్కువమందికి అసలు ఉన్న సమస్యల్లో మొదటి వరసలో ఉన్నది మైగ్రేన్. మూడో వంతు మంది పదేళ్లు, అంతకంటే ఎక్కువ కాలం ఆ తప్పు పేరుతోనే బతికారు. 70 శాతం మంది ఎంఎస్ మందులు కూడా వాడారు. మచ్చ నిజమే, చదివిన తీరు తప్పు.

మన దేశంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఎంఎస్‌లాగే కనిపించే ఎన్ఎంఓ అనే వేరే జబ్బు ఉంది. కంటి నరాన్ని, వెన్నుపామునీ గట్టిగా కొడుతుంది, వెన్నులో మచ్చ పొడుగ్గా సాగుతుంది. 2004లో దానికి ప్రత్యేకమైన యాంటీబాడీని కనిపెట్టారు, రక్తపరీక్షలో తెలుస్తుంది. కొన్ని ఎంఎస్ మందులు ఎన్ఎంఓ ఉన్నవాళ్లకి ఇస్తే జబ్బు ముదురుతుంది. అందుకే న్యూరాలజిస్ట్ ఆ టెస్ట్ రాస్తే "ఎందుకు అనవసరంగా" అనుకోకండి. టీబీ లాంటి ఇన్ఫెక్షన్లు కూడా ఎంఎస్‌ని పోలి ఉండొచ్చు, వాటినీ తోసిపుచ్చాలి.

ఈ పొరపాట్లు తగ్గించడానికే ఇప్పుడు మచ్చ లోపలికి చూస్తున్నారు. చాలా ఎంఎస్ మచ్చల మధ్యలో ఒక సన్నని రక్తనాళం ఉంటుంది. మైగ్రేన్ మచ్చల్లో అలా ఉండటం తక్కువ. దీన్ని సెంట్రల్ వెయిన్ సైన్ అంటారు. 2024లో సవరించి 2025లో ప్రచురించిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాల్లో ఈ గుర్తుకి చోటు దొరికింది, కంటి నరం కూడా లెక్కలోకి వచ్చింది.

సరే, మనం ఏం చేయాలి?

రిపోర్ట్ వచ్చిన రాత్రి గూగుల్ చేయడం మానేయమని నేను చెప్పను, ఎలాగూ చేస్తారు. దాంతో పాటు ఒక పని చేయండి. నోట్స్ యాప్ ఓపెన్ చేసి మీ కథ రాయండి. ఏ లక్షణం, ఏ తేదీన మొదలైంది, ఎన్ని రోజులు ఉంది, 24 గంటలకి మించి ఉందా? ఒక కన్ను ఎప్పుడన్నా మసకబారిందా? మెడ వంచితే వెన్నులోకి కరెంట్ షాక్ కొట్టినట్టు అయ్యిందా? ఎండలో తిరిగినా, జ్వరం వచ్చినా పాత లక్షణం మళ్లీ తిరగబెట్టిందా? ఇవి న్యూరాలజిస్ట్‌కి బంగారం.

పాత స్కాన్లు పారేయకండి. రిపోర్ట్ కాగితం ఒక్కటే చాలదు, ఫిల్మ్‌లు లేదా సీడీ కూడా తీసుకెళ్లండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏది కొత్త మచ్చో తెలుస్తుంది.

ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారినా, కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు పోయినా ఎల్లుండి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి.

ఒకవేళ ఎంఎస్ అనే తేలితే? ఇది 1980 కాదు. ఈ రోజు దాడులు తగ్గించే మందులు ఇరవైకి పైగా ఉన్నాయి. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు, ఉన్న వాటిలో కొన్ని ఖరీదైనవే, ఆ మాట దాచక్కర్లేదు. కానీ చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు ఇవేవీ ఆ పేరుతో ఆగిపోవు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. ఇబ్బంది చట్టం చెప్పిన స్థాయిలో ఉంటే సర్టిఫికెట్‌కి అప్లై చేసుకోవచ్చు.

చివరిగా ఒక్క మాట. మీ ఇంట్లో ఎవరి రిపోర్ట్ అయినా ఫోన్‌కి వస్తే, మచ్చలు ఎన్నున్నాయని లెక్కపెట్టే ముందు కిందికి స్క్రోల్ చేసి ఆ చివరి లైన్ చదవండి. క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోండి. అంటే, "నేను ఫొటో చూశాను, మనిషిని చూడలేదు, మీరు చూడండి" అని ఆ రేడియాలజిస్ట్ చెప్తున్నారు. ఆ మనిషి కథ చెప్పాల్సింది మీరే.

ఈ ఎపిసోడ్ ఇప్పుడు రిపోర్ట్ చేతిలో పట్టుకుని కంగారు పడుతున్న ఒక్క ఫ్రెండ్‌కి పంపించండి, చాలు.